ఖాళీ బండి

పలమనేరు బస్టాండు పక్క సందులో
తస్లీం జెరాక్స్ అంగడి.
ఊరందరికీ పేజీ రెండు రూపాయలు,
నాకు మాత్రం సాయంత్రం ఆరు దాటినాక
కంప్యూటరు ఊరికే.
"చౌకలో అయ్యేదే చూద్దాం అక్కా" అనింది.
అంగడి పేరుకు మొదటి ఏడాది తొంభై తొమ్మిది.
రెండో ఏడాది ఎంతో
చీమ తలకాయంత అక్షరాల్లో ఉండాది.
మట్టిలో రాళ్లు ఏరే చెయ్యి నాది,
దాన్నీ ఏరినాను: ఎనిమిది వందలు.

పేరు ఏం పెట్టాల?
మా నాయన పేరు మొగిలప్ప.
ఆ పేరుతో అప్పుడే ఎవురో ఉండారంట.
చివర ఒక గీత, ఒక అంకె తగిలించి
నాయనను అట్లే ఇరికించినాము.

తర్వాత ఫారం అడిగింది:
ఇదే రకం ఎన్ని ఉన్నాయి?
నాలుగు వందల ముంతలు చేసినాను గానీ
ఇదే రకం అంటే ఒకటే.
ఒకదాని మూతి రొంత ఎడమకు చూస్తాది,
ఒకదాని నడుము మీద నా బొటనవేలి గీత.
ఒకటి, ఒకటి, ఒకటి అని కొట్టుకుంటా పోతే
తస్లీం నగింది.
"నలభై అని ఏసుకో అక్కా,
మనుషుల్ని కూడా అట్లే లెక్కేస్తారు."

ఫోటోలకు స్టూడియో ఆయన రెండు వేలు అడిగినాడు.
నాయన తెల్ల పంచె గోడకు కట్టి
పొద్దున ఏడు గంటల ఎండలో
నా ఫోనుతోనే తీసుకున్నాను.
పదకొండో ఫోటోలో మా కోడిపెట్ట ఉండాది.
తీసెయ్యలేదు,
ముంత ఎంత ఎత్తో తెలుస్తాదని.

నీళ్ల కుండను తూకం వేస్తే మూడు కిలోలు.
కుండ నూటా ఎనభై,
దాన్ని పంపే కూలి రెండొందల పది.
పెద్దవన్నీ సంతకే అనుకున్నాను.
పెరుగు ముంతలు, ప్రమిదలు,
పిచ్చుకలకు నీళ్లు పోసే మూకుళ్లు, అంతే.

అన్నీ అయినాక మీట నొక్కితే
తెర మీద తెలుగులో పడింది:
"మీ బండి ఖాళీగా ఉంది."

మొదట నవ్వొచ్చింది.
శుక్రవారం సంతకు నాయన తోసుకుపోయే బండి
ఖాళీగా తిరిగొచ్చిందంటే
ఆ రాత్రి మాకు కోడికూర.
అడుగున గడ్డి మాత్రం, చక్రాలు కడకడమంటా,
వీధి మలుపులోనే తెలిసిపోయేది.
నిండుగా తిరిగొచ్చిన బండి
చప్పుడు చేసేది కాదు.
ఈ బండి యాపారం తలకిందులు.
ఇక్కడ ఖాళీ అంటే ఎవురూ రాలేదని.

పద్దెనిమిది దినాలు ఎవురూ రాలేదు.
చూసి పోయినోళ్లు నూటా ముప్పై అని మూలన ఒక లెక్క,
అందులో సగం నేనే.

నాయనకు ఫోను చూపిస్తే
తెర మీది ముంతను వేలి కణుపుతో తట్టినాడు.
"పలకదే" అన్నాడు.
"పలక్కుండా ఎవురు కొంటారమ్మాయా?"

సంతలో అంతే గదా.
ధర అడగక ముందే తట్టి వింటారు.
ఖంగుమంటే కాలింది,
బొద్దుమంటే లోపల పగులు.
ఆ రాత్రే నాలుగు సెకండ్ల వీడియో తీసినాను.
నాయన చెయ్యి, ముంత, ఖంగు.
కింద ఒక్క మాటా రాయలేదు.

ఆదోని నుంచి ఒకామె రెండు ముంతలు అడిగింది.
వరిగడ్డి చుట్టి, పాత పేపర్లు కూరి,
పెట్టెను మంచం ఎత్తు నుంచి
నేనే మూడు సార్లు పడేసి, అప్పుడు పంపినాను.
ఒకటి మూతి విరిగి చేరింది.
మారు మాట్లాడక ఇంకొకటి పంపితే
టేపు, పెట్టె, కూలి అన్నీ పోను
చేతి నుంచి పడింది ముప్పై నాలుగు.
లెక్కల పుస్తకంలో ఎర్ర ఇంకుతో రాసి
దాని కింద "గడ్డి ఇంకా రొంత" అని రాసుకున్నాను.

ఈ పొద్దు తెల్లారి
సారె కాడ కూర్చోని నాయన అడిగినాడు,
"ఆ నీ ఫోనులో బండి
ఖాళీ అయిందా అమ్మాయా?"
తెర చూసినాను.
"ఖాళీనే నాయనా."
తల ఊపి
ఇంకొక మట్టి ముద్ద తీసి
సారె మీద కొట్టినాడు.